ట్యాబ్‌కి పచ్చకామెర్లు వస్తే



జూన్‌లో బడి తెరిచిన దగ్గర్నుంచి నన్ను కలిసే పేరెంట్స్‌లో చాలామంది మార్కుల కంటే ముందు ట్యాబ్ గురించే అడుగుతున్నారు. "కొత్తది కొన్నాం మేడమ్. ఒక పక్క తెల్లగా ఉంది, ఇంకో పక్క పచ్చగా ఉంది. అన్నీ ఇలాగే ఉంటాయా, మాకే ఇలాంటిది తగిలించారా?" అని. కొందరు షాపుకెళ్ళి అడిగితే "వాడగా వాడగా సర్దుకుంటుందండీ" అన్నారట. ఇంకొందరికి "మీ కళ్ళకే అలా కనిపిస్తోంది" అన్న జవాబు వచ్చిందట.

ఈ రెండు జవాబులూ నాకు నచ్చలేదు. వాడగా వాడగా సర్దుకునేది మన కన్నే, స్క్రీన్ కాదు. తేడాకి కన్ను అలవాటు పడిపోతుంది, తేడా మాత్రం అక్కడే ఉంటుంది. ఇక కళ్ళ సంగతంటారా, పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని మన పెద్దలు అన్నారు గానీ, ఇక్కడ కామెర్లు వచ్చింది ట్యాబ్‌కి. చూసే పిల్లాడు బాగానే ఉన్నాడు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కొద్దిపాటి తేడా దాదాపు ప్రతి ట్యాబ్‌లోనూ ఉంటుంది, దానికి బెంగ అక్కర్లేదు. చదువుకి అడ్డం వచ్చేంత తేడా ఉంటే అది లోపం, మార్చి ఇవ్వమని అడగడం మీ హక్కు. ఏది ఎంతో తేల్చుకోవాల్సింది కొన్న మొదటి రెండు మూడు రోజుల్లో, అదీ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని. ఇందులో చివరి మాటే నాకు అన్నిటికంటే ముఖ్యం. ఎందుకో కింద చెబుతాను.

మన ఊళ్ళ వాళ్ళకి సరుకు చూసి కొనడం ఎవరూ నేర్పక్కర్లేదు. కొల్లేరు చుట్టుపక్కల పుట్టినవాళ్ళు చేపని మొప్ప ఎత్తి చూడకుండా సంచిలో వేయించుకోరు. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్‌లో బస్తా మూతి దగ్గర పాయలు చూసి బేరం కుదుర్చుకునేవాళ్ళు ఎవరుంటారు? మధ్యలో చెయ్యి పెట్టి తీసి చూస్తారు. అలాంటి మనం 15 వేలు, 20 వేలు పోసి కొన్న ట్యాబ్ దగ్గర మాత్రం డబ్బా విప్పగానే సంబరపడి, వెంటనే టెంపర్డ్ గ్లాస్ అంటించి, కవర్ తొడిగి, స్కూల్ యాప్ ఎక్కించి పిల్లల చేతికి ఇచ్చేస్తాం. మొప్ప ఎత్తి చూడం. స్క్రీన్‌కి మొప్ప ఎక్కడుంటుందో తెలియకపోవడమే కారణం అనుకుంటాను. కాబట్టి ముందు లోపల ఏముందో కొంచెం చెబుతాను. సైన్స్ టీచర్ని కదా, ఓపిక పట్టాలి.

మన పిల్లలు వాడే మధ్యరకం ట్యాబ్‌లలో ఎక్కువ భాగం ఎల్‌సీడీ స్క్రీన్లే. ఇందులో బొమ్మ చూపించే పొర సొంతంగా వెలగదు. వెనకనుంచి వెలుగు రావాలి. ఆ వెలుగు కోసం స్క్రీన్ ఒక అంచున చిన్న చిన్న ఎల్‌ఈడీలు వరుసగా అమర్చి ఉంటాయి. వాటి ముందు ఒక సన్నటి ప్లాస్టిక్ పలక ఉంటుంది. ఒక చివర పెట్టిన వెలుగుని రెండో చివరదాకా సమంగా పంచడం దాని పని. పొలంలో ఒక మడవ దగ్గర వదిలిన నీళ్ళు చివరి మడిదాకా ఒకే మట్టాన నిలబడాలంటే ఎంత కష్టమో ఇదీ అంతే కష్టం.

ఇంకో విచిత్రం ఉంది. మనం తెల్ల లైటు అనుకునే ఎల్‌ఈడీ నిజానికి తెల్లది కాదు. లోపలి చిప్ ఇచ్చేది నీలం వెలుగు. దాని మీద పసుపు వెలుగునిచ్చే ఫాస్ఫర్ పూత ఉంటుంది. నీలం, పసుపు కలిసి మన కంటికి తెలుపుగా తోస్తాయి. నీలం ఎల్‌ఈడీని సాధ్యం చేసినందుకే ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజి నకమురాలకి 2014లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. ఇప్పుడు మీకే అర్థమవుతుంది. పూత ఒక పిసరు మందమైతే ఆ వైపు పసుపు, పలచనైతే నీలం. తయారీదార్లు ఒకే రకం రంగు ఇచ్చే ఎల్‌ఈడీలని ఏరి, వేరువేరు కుప్పలుగా పోసి వాడతారు. ఆ ఏరివేత ఎంత కచ్చితంగా చేస్తే ఖరీదు అంత పెరుగుతుంది. తక్కువ ధర ట్యాబ్‌లో తెలుపు కాస్త అటూ ఇటూ ఉండటానికి ఇదొక కారణం. వెలుగు పంచే పలక, దాని మీది పొరలు, అతికించిన తీరు కూడా తమ వంతు తేడా కలుపుతాయి.

ఖరీదైన వాటిలో ఓఎల్‌ఈడీ స్క్రీన్ ఉంటుంది. అందులో ప్రతి చుక్కా సొంతంగా వెలుగుతుంది. వెనక లైటు లేదు కాబట్టి గొడవ లేదనుకోకండి. బ్రైట్‌నెస్ బాగా తగ్గించి, బూడిదరంగు పేజీ తెరిచి చూస్తే కొన్నిటిలో ఒక పక్క గులాబీ ఛాయ, ఒక పక్క ఆకుపచ్చ ఛాయ కనిపిస్తాయి. డబ్బు ఎక్కువ పెడితే రంగు సమంగా ఉంటుందన్న హామీ ఏమీ లేదు.

చూసే కోణం సంగతి కూడా ఉంది. ఏలూరు తివాచీని ఒక వైపునుంచి చూస్తే లేతగా, ఎదురు వైపునుంచి చూస్తే ముదురుగా కనిపిస్తుంది. ఉన్ని పోగులు ఒక దిక్కుకి వాలి ఉండటం వల్ల అలా కనిపిస్తుంది. తివాచీలో లోపమేమీ లేదు. స్క్రీన్ కూడా పక్కనుంచి చూస్తే రంగు మారుతుంది. అందుకని ముగ్గురు చుట్టూ కూర్చుని ముగ్గురూ మూడు రంగులు చెప్పుకుంటే తేలదు. ఎదురుగా, చదివేటప్పుడు పట్టుకునే దూరంలో పట్టుకుని చూడాలి.

ఇప్పుడు మొప్ప ఎత్తడం. కవర్, గ్లాస్ ఏవీ తొడగక ముందే చేయండి. పగలు కిటికీ పక్కన వద్దు. సాయంత్రం, మామూలు ట్యూబ్‌లైట్ వెలుగులో, లైటు నేరుగా స్క్రీన్ మీద పడని చోట కూర్చోండి. ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్ళి కంటికి హాయి పేరుతో ఉండేవన్నీ ఆపండి. శామ్‌సంగ్‌లో ఐ కంఫర్ట్ షీల్డ్, కొన్ని ఆండ్రాయిడ్ ట్యాబ్‌లలో నైట్ లైట్, ఐప్యాడ్‌లో నైట్ షిఫ్ట్, ట్రూ టోన్ ఉంటాయి. ఇవి స్క్రీన్ మొత్తాన్నీ పసుపు చేస్తాయి. నా దగ్గరికి వచ్చిన ఫిర్యాదుల్లో కొన్ని ఇక్కడే తేలిపోయాయి. స్క్రీన్ అంతా ఒకేలా పసుపుగా ఉంటే ముందు అనుమానించాల్సింది సెట్టింగ్‌నే. సగమే పసుపుగా ఉంటే అది సెట్టింగ్ పని కాదు.

తర్వాత ఏమీ రాయని తెల్ల పేజీ ఒకటి స్క్రీన్ నిండా తెరిచి, బ్రైట్‌నెస్ సగంలో పెట్టండి. రెండు నిమిషాలు చూడండి. బూడిదరంగు పేజీతో కూడా చూడండి, తెలుపులో దాక్కున్న మరక బూడిదరంగులో బయటపడుతుంది. ఏదైనా ఒక పక్క పసుపుగా తోస్తే ట్యాబ్‌ని తలకిందులుగా తిప్పండి. పసుపు ట్యాబ్‌తోపాటు ఇటు పక్కకి వచ్చేస్తే తేడా ట్యాబ్‌లో ఉన్నట్టు. మొదట ఉన్న పక్కనే ఉండిపోతే గదిలో లైటుదో, మీరు చూసే కోణానిదో తప్పు. ఈ ఒక్క పరీక్షతో సగం వాదనలు తీరిపోతాయి. చీకట్లో నల్ల పేజీ పెడితే మూలల్లో కాస్త వెలుగు పొగలా కనిపించడం ఎల్‌సీడీలలో మామూలే, తల కదిపితే అది కూడా కదులుతుంది. దాన్ని చూసి కంగారు పడకండి. చీకట్లో నల్ల పేజీ చూస్తూ చదివే పిల్లలు లేరు కదా.

ఎంత తేడాని సరే అనుకోవాలి? నా లెక్క చాలా మోటుగా ఉంటుంది. మీరు ఏమీ చెప్పకుండా ట్యాబ్‌ని ఇంట్లో మరో మనిషి చేతికిచ్చి "ఏమైనా తేడాగా ఉందా?" అని అడగండి. వెతికి వెతికి "ఇక్కడ కాస్త..." అంటే వదిలేయండి. చూడగానే "అదేంటి, ఈ పక్క అలా ఉంది?" అంటే వదలకండి. పక్కింటి ట్యాబ్‌తో మాత్రం పోల్చకండి. ఒకే కంపెనీ, ఒకే మోడల్ ట్యాబ్‌లు పది వరసగా పెడితే పది తెలుపులు కనిపిస్తాయి. మా క్లాసులో నేను రోజూ చూసేదే. ఒకటి పాలలా, ఒకటి మజ్జిగలా, ఒకటి బియ్యం కడిగిన నీళ్ళలా. చూడాల్సింది మీ ట్యాబ్ తనలో తాను సమంగా ఉందా లేదా అన్నదే.

రంగు కాస్త అటూ ఇటూ అయితే చదువుకి ఏం నష్టం, అక్షరాలు కనిపిస్తే చాలదా అని ఒక నాన్నగారు అడిగారు. తెలుగు పాఠానికి, లెక్కలకి చాలు. నా సబ్జెక్టుకి చాలదు. క్రితం ఏడాది పదో తరగతిలో యాసిడ్స్, బేసెస్ పాఠం అయ్యాక ట్యాబ్‌లో ప్రాక్టీస్ క్విజ్ పెట్టాను. పరీక్షనాళికలో యూనివర్సల్ ఇండికేటర్ రంగు చూసి పీహెచ్ చెప్పాలి. ఆకుపచ్చ అయితే 7, అంటే న్యూట్రల్. పసుపు వైపు జరిగితే యాసిడ్ వైపు వెళ్ళినట్టు. క్లాసులో మంచి విద్యార్థి ఒకడు ప్రతిసారీ న్యూట్రల్ ద్రావణాన్ని యాసిడ్ అంటున్నాడు. వరసగా నాలుగు ప్రశ్నలు అలాగే చేశాడు. పాఠం అర్థం కాలేదా అంటే, ముందురోజు ల్యాబ్‌లో నిజం పరీక్షనాళిక చూసి సరిగ్గా చెప్పినవాడే. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని కంటి సమస్య మగపిల్లల్లో ఎక్కువగా ఉంటుంది కాబట్టి అదేమోనని కూడా ఆలోచించాను. ల్యాబ్‌లో సరిగ్గా చెప్పాడు కాబట్టి అదీ కాదు. అప్పుడు ట్యాబ్‌ని తలకిందులుగా తిప్పమన్నాను. బొమ్మ తిరిగి నిటారుగా వచ్చింది, కాకపోతే ఈసారి స్క్రీన్ రెండో సగంలో ఉంది. "మేడమ్, ఇది గ్రీన్" అన్నాడు వెంటనే.

ఇక్కడ మన భాష గురించి ఒక మాట. పసుపుపచ్చ, ఆకుపచ్చ రెండిటినీ మనం ఇంట్లో "పచ్చ" అనే అంటాం. పచ్చటి పొలం ఆకుపచ్చ, పచ్చటి మేనిఛాయ పసుపు. సందర్భాన్ని బట్టి మనకి తెలిసిపోతుంది. పీహెచ్ చార్ట్‌లో మాత్రం ఆ రెండు పచ్చల మధ్య దూరమే ప్రశ్నకి జవాబు. భౌతిక పటంలో కూడా అంతే. పల్లపు నేల ఆకుపచ్చ, ఎత్తు పెరిగేకొద్దీ పసుపు, తర్వాత గోధుమరంగు. గోదావరి, కృష్ణ డెల్టాల నడుమ పల్లంలో ఉన్న మన కొల్లేరు చుట్టూ ఉన్నదంతా పటంలో ఆకుపచ్చే. స్క్రీన్‌లో ఆ మూల పసుపు తిరిగితే పటం చూసే పిల్లకి మన ఊరే కొండ పక్కన ఉన్నట్టు తోచినా ఆశ్చర్యం లేదు.

ఆ అబ్బాయి సంగతికి వస్తాను. ట్యాబ్ ఎప్పుడు కొన్నారని అడిగితే రెండు నెలలైందన్నాడు. పసుపు ఎప్పుడు చూశావంటే "రెండో రోజే మేడమ్" అన్నాడు. మరి ఇంట్లో చెప్పలేదా? కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "నాన్న నాకోసం మొదటిసారి కొత్తది కొన్నారు మేడమ్. అప్పటిదాకా అన్నయ్య వాడినవే. బాగాలేదంటే ఫీలవుతారని."

వాళ్ళ నాన్నగారిది కైకలూరు వైపు చేపల చెరువుల పని. ఆ ఏడాది చెరువు ఎలా నడిచిందో నాకు తెలియదు, అడగలేదు కూడా. కానీ పదిహేనేళ్ళ పిల్లాడు తండ్రి ముఖంలో సంబరం చెడగొట్టకూడదని రెండు నెలలు పసుపు స్క్రీన్ మీద చదివాడు, తప్పు జవాబులు పెట్టుకుంటూ. షాపు ఇచ్చిన ఏడు రోజుల గడువు ఎప్పుడో దాటిపోయింది.

మిగతా పిల్లలు చెప్పకపోవడానికి కారణం ఇంత మెత్తగా ఉండదు. "నువ్వే ఎక్కడో పడేసుంటావ్" అంటారన్న భయం. నిజమే, పిల్లల చేతిలో పాడయ్యేవీ ఉంటాయి. పుస్తకాలు కుక్కిన బ్యాగులో అడుగున ట్యాబ్ పెడితే ఆ ఒత్తిడికి స్క్రీన్ వెనక పొరలు నొక్కుకుని తెల్లటి మచ్చలు పడతాయి. లంక గ్రామాల్లో, చెరువు గట్ల మీది ఇళ్ళలో తేమ ఎక్కువ. తేమ లోపలికి చేరితే అంచుల నుంచి మబ్బు పట్టినట్టు మరక మొదలై రోజురోజుకీ పెరుగుతుంది. అయితే కొత్త డబ్బా విప్పిన రోజు నుంచే ఒక సగం సమంగా పసుపుగా ఉండటం పిల్లల చేతిలో జరిగేది కాదు. ఆ రోజే అందరూ కలిసి చూసి ఉంటే ఈ వాదనే రాదు. పిల్లలు వచ్చి చెప్పినప్పుడు "ఏం చేశావ్?" అనకుండా "ఎక్కడ, చూపించు" అనండి. ఆ ఒక్క మాటని బట్టే వాళ్ళు తర్వాతిసారి చెప్పాలా వద్దా అన్నది నిర్ణయించుకుంటారు. ట్యాబ్ విషయంలోనే కాదు లెండి.

లోపం తేలాక ఏం చేయాలి? ముందు ఫోటో తీయండి. ఫోన్ కెమెరా తనంతట తానే రంగులు సరిదిద్దేస్తుంది, అందుకని స్క్రీన్ పక్కనే ఒక తెల్ల కాగితం పెట్టి రెండూ పడేలా తీయాలి. స్క్రీన్‌షాట్ తీసి పంపితే లాభం లేదు, స్క్రీన్ లోపం స్క్రీన్‌షాట్‌లోకి రాదు. బిల్లు, డబ్బా, లోపలి ప్లాస్టిక్ కవర్లు అన్నీ ఉంచండి. ఆన్‌లైన్‌లో కొంటే డబ్బా విప్పేటప్పుడు వీడియో తీయడం మంచిది. వాపసు గడువు ఎన్ని రోజులో, డబ్బు ఇస్తారో సరుకు మార్చి ఇస్తారో కొనే ముందే చదవండి.

"అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న బోర్డు చూసి వెనక్కి రావద్దు. మనకి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఉంది, 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చింది. లోపం ఉన్న సరుకుని బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరిస్తే అది అనుచిత వ్యాపార పద్ధతి అని ఆ చట్టం చెబుతోంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అందులోకే వస్తుంది. "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం" అన్న బేరం ఎంత ఖరీదైనదో ఆలోచించండి. మాటలతో తేలకపోతే 1915 నంబరుకి ఫోన్ చేయవచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడా తేలకపోతే ఏలూరులో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కొన్న సరుకు విలువ 5 లక్షల లోపైతే ఫిర్యాదుకి ఫీజు లేదు. సమస్య వచ్చిన రెండేళ్ళ లోపు వేయాలి. అమ్మిన కంపెనీ ఏ బెంగళూరులో ఉన్నా మీరు ఉండే చోటే వేసుకోవచ్చు. ఒక ట్యాబ్ కోసం కమిషన్ దాకా వెళ్ళమని నేను అనను. వెళ్ళగలరని తెలిసిన మనిషి కౌంటర్ దగ్గర మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది, అందుకు చెబుతున్నాను.

ఆ అబ్బాయి విషయంలో అదే జరిగింది. షాపు గడువు దాటినా కంపెనీ ఏడాది వారంటీ ఉంది కదా. సర్వీస్ సెంటర్ పేరు చెప్పను. మొదటిసారి వెళ్తే "ఈ ప్యానెల్ స్వభావమే అంత, ఇది లోపం కిందకి రాదు" అన్నారట. వాళ్ళ నాన్నగారు గొంతు పెంచలేదు. "అదే మాట జాబ్ షీట్ మీద రాసి సంతకం పెట్టి ఇవ్వండి బాబూ" అన్నారట. లోపలికి వెళ్ళి ఎవరితోనో మాట్లాడి వచ్చి ట్యాబ్ తీసుకున్నారు. 19 రోజులకి ప్యానెల్ మార్చి ఇచ్చారు. కొత్త ప్యానెల్‌లో కూడా కింది మూల చిన్న నీడ ఉంది. అది చదువుకి అడ్డం రావట్లేదని అబ్బాయే చెప్పాడు, అందరం ఊరుకున్నాం.

"ఇది మామూలే" అన్న మాట పెద్ద కంపెనీల నోట కూడా వస్తుంది. 2021లో వచ్చిన ఐప్యాడ్ మినీలో పేజీ జరుపుతుంటే ఒక సగం ముందు, ఒక సగం వెనక కదులుతున్నట్టు కనిపిస్తోందని కొన్నవాళ్ళు గోల పెడితే, ఎల్‌సీడీ స్క్రీన్లకి అది సహజమేనని యాపిల్ జవాబిచ్చింది. 2017లో గూగుల్ పిక్సెల్ 2 ఎక్స్‌ఎల్ ఫోన్‌లో స్క్రీన్ పక్కనుంచి చూస్తే నీలంగా మారుతోందని, పాత బొమ్మల నీడలు నిలిచిపోతున్నాయని గొడవ అయినప్పుడు మాత్రం గూగుల్ అదే అక్టోబర్‌లో వారంటీని రెండేళ్ళకి పెంచింది. కొన్నవాళ్ళు ఊరుకుని ఉంటే ఆ పొడిగింపు వచ్చేదా అన్నది నా అనుమానం.

ఇక మన స్కూలుకి సంబంధించిన మాట. 2022 డిసెంబర్ 21న రాష్ట్ర ప్రభుత్వం బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ట్యాబ్‌ల పంపిణీ మొదలుపెట్టింది. ఎనిమిదో తరగతి పిల్లలకి, టీచర్లకి కలిపి 5,18,740. ఆ పథకం మంచిచెడ్డల జోలికి నేను పోను, ఈ పత్రిక అందుకు కాదు. ఒక్కటి గమనించండి. ఒకే మోడల్ ట్యాబ్, మూడేళ్ళ వారంటీ, పాడైతే పిల్లలు బడిలోనే చెప్పుకునే ఏర్పాటు ఉందని అప్పట్లో ప్రకటించారు. ఫీజు కట్టి చదివించే మన పేరెంట్స్ పరిస్థితి చూడండి. ఎవరికి వారు తలా ఒక షాపులో, తలా ఒక కంపెనీది కొంటారు. లోపం వస్తే ఎవరికి వారే తిరుగుతారు. ట్యాబ్ తప్పనిసరి అని చెప్పిన మనం, అది వచ్చాక ఒకసారి చూసే బాధ్యత కూడా తీసుకుంటే బాగుంటుందని స్టాఫ్ మీటింగ్‌లో అడిగాను, ఇక్కడ కూడా అడుగుతున్నాను. దానికి ఖర్చేమీ లేదు. కొత్త ట్యాబ్ తెచ్చిన వారంలో ఒక పీరియడ్ చాలు.

ఇంకోటి కూడా అడిగాను. రంగు చూసి జవాబు చెప్పాల్సిన ప్రశ్నలకి మార్కులు ట్యాబ్ మీద వేయొద్దని. లిట్మస్, ఇండికేటర్, మైలుతుత్తం నీలం, ఇవన్నీ ల్యాబ్‌లో నిజంగా చూపించి అడగవచ్చు. పటం అయితే అచ్చు అట్లాస్‌లో చూపించవచ్చు. పసుపు నీళ్ళలో తడిపి ఆరబెట్టిన కాగితం మీద సబ్బు నీళ్ళు పడితే ఎర్రబడటం ఏ ట్యాబ్‌లోనూ అంత బాగా కనిపించదు. ఇంట్లో మీరే చేసి చూపించండి, పది రూపాయల ఖర్చు కూడా కాదు. ప్రాక్టీస్ వరకు ట్యాబ్‌లో చేసుకోనివ్వండి, తప్పులేదు. మా హెడ్ మేడమ్ ఆలోచిద్దామన్నారు.

మరీ పట్టింపుకి కూడా పోవద్దని చెప్పాలి. ఒక అమ్మగారు ట్యాబ్ మూడుసార్లు మార్పించారు. నాలుగోది మొదటిదాని కంటే పసుపుగా వచ్చింది. ఈలోపు పిల్లకి రెండు యూనిట్ల హోంవర్క్ పోయింది. వెతకడం మొదలుపెడితే దొరక్కుండా ఉండదు. మొదటి మూడు రోజులు గట్టిగా చూడండి. సరే అనుకున్నాక గ్లాస్ అంటించి, ఆ తెల్ల పేజీని మళ్ళీ తెరవకండి. పిల్లల ముందు "వీడి ట్యాబ్ పసుపుదే" అని వచ్చినవాళ్ళకల్లా చూపించడం కూడా ఆపండి, వాళ్ళకి క్లాసులో అదొక పేరుగా మిగిలిపోతుంది.

నా సెక్షన్ పిల్లల వరకు నేను మొదలుపెడుతున్నాను. ఈ నెలలో కొత్త ట్యాబ్ కొన్నవాళ్ళు శనివారం ఆఖరి పీరియడ్‌కి పిల్లలతో పంపండి. కవర్ తీసేసి, ఛార్జింగ్ నిండా పెట్టి, బిల్లు ఫోటో ఫోన్‌లో ఉంచుకుని. పిల్లలే ఒకరి ట్యాబ్ ఒకరు తిప్పి చూసి, చూసింది డైరీలో రాస్తారు. ఆ సాయంత్రం డైరీ తెరవండి. "కుడి పక్క పసుపు" అని రాసి ఉంటే ఆదివారం లోపు షాపుకి వెళ్ళండి, పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని.